ప్రత్యామ్నాయ ఇన్‌స్టాలేషన్ మాధ్యమాలు, తెలుగు లిపి: శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ ఒక కంప్యూటర్‌లోకి ఏ మాధ్యమం ద్వారా చేరుతుందన్నది పైకి సాంకేతిక విషయంగానే కనిపిస్తుంది. చరిత్రలో మాత్రం అది భాషకు, ప్రాంతానికి, అందుబాటుకు సంబంధించిన ప్రశ్నగా కూడా ఉంది. అయస్కాంత టేపు, ఫ్లాపీ, సీడీ, పెన్‌డ్రైవ్, నెట్‌వర్క్ అనే మాధ్యమాల క్రమపరిణామాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ క్రమంలో తెలుగు లిపి ఇన్‌స్టాలేషన్ దశలోకి ఎప్పుడు, ఏ కారణంగా ప్రవేశించిందో నిర్ధారిస్తుంది. గిడుగు, గురజాడల పేర్లతో వెలువడిన ఫాంట్లు, సవర లిపికి యూనికోడ్‌లో లభించిన స్థానం ఆధారంగా ఉత్తరాంధ్రకు ఈ చరిత్రతో ఉన్న సంబంధాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: యునిక్స్, లినక్స్, డెబియన్, ఇన్‌స్టాలేషన్ మాధ్యమం, తెలుగు లిపి, యూనికోడ్, స్వేచ్ఛ, సవర, ఉత్తరాంధ్ర.

1. ఉపోద్ఘాతం:
కంప్యూటర్‌లో తెలుగు వినియోగం గురించిన చర్చ సాధారణంగా ఫాంట్లు, కీబోర్డులు, అంతర్జాల పత్రికల చుట్టూ సాగుతుంది. ఇవన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ పనిచేయడం మొదలుపెట్టిన తరువాతి విషయాలు. అంతకుముందు దశ మరొకటి ఉంది. ఖాళీ హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రంలోకి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించే దశ అది. ఆ దశలో యంత్రం మనిషిని కొన్ని ప్రశ్నలు అడుగుతుంది: ఏ భాష, ఏ దేశం, ఏ కీబోర్డు, డిస్కులో ఏ భాగాన్ని చెరపాలి? చివరి ప్రశ్నకు పొరపాటు జవాబిస్తే అప్పటిదాకా దాచుకున్న సమాచారమంతా పోతుంది. అటువంటి ప్రశ్న చదివేవారికి అర్థమయ్యే భాషలో ఉండటం అత్యవసరం.

శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి, విజయనగరం జిల్లా 1979లో విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల భాగాల నుంచి ఏర్పడ్డాయి. ఈ రెండు జిల్లాల మన్యం ప్రాంతంలో కొంత భాగం 2022లో పార్వతీపురం మన్యం జిల్లాగా విడివడింది. పాత జిల్లాల సరిహద్దులనే ప్రమాణంగా తీసుకుని ఈ వ్యాసం సాగుతుంది. మైదానం, సముద్రతీరం, ఏజెన్సీ కలిసి ఉన్న ఈ ప్రాంతంలో అంతర్జాల సౌకర్యం అన్నిచోట్లా ఒకే స్థాయిలో లేదు. అందువల్ల ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏ మాధ్యమం ద్వారా తెచ్చుకోవచ్చన్న ప్రశ్నకు ఇక్కడ ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

2. టేపు నుంచి ఫ్లాపీ వరకు:
యునిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల కృషితో ప్రారంభమైంది. 1970వ దశకంలో అది విశ్వవిద్యాలయాలకు అయస్కాంత టేపులపై చేరింది. టేపు చదివే యంత్రం ఖరీదైనది కావడంతో యునిక్స్ పెద్ద సంస్థలకే పరిమితమైంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ జీఎన్‌యూ ప్రణాళికను ప్రకటించిన తరువాత కూడా తొలినాళ్ళలో ఆ సాఫ్ట్‌వేర్ టేపుల ద్వారానే పంపిణీ అయింది. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగా పంచుకోదగినదే అయినా, అది ఎక్కిన వస్తువుకు ఖరీదు ఉంటుందన్న వాస్తవం అప్పుడే స్పష్టమైంది.

1987లో ఆండ్రూ టానెన్‌బామ్ తన పాఠ్యగ్రంథానికి అనుబంధంగా రూపొందించిన మినిక్స్, వ్యక్తిగత కంప్యూటర్లలో యునిక్స్ తరహా వ్యవస్థను ఫ్లాపీల ద్వారా ఎక్కించే అవకాశం కల్పించింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను ప్రకటించాడు. తొలి వినియోగదారులు ‘బూట్’, ‘రూట్’ అనే రెండు ఫ్లాపీలతో దానిని నడిపారు. మొదటి ఫ్లాపీలో కెర్నెల్, రెండవదానిలో కనీస ఉపకరణాలు ఉండేవి. 1993లో వెలువడిన స్లాక్‌వేర్ మొదటి విడుదల 24 ఫ్లాపీల చిత్రాలుగా పంపిణీ అయింది. అదే సంవత్సరం ఇయాన్ మర్డాక్ డెబియన్ ప్రాజెక్టును ప్రారంభించాడు.

ఒక ఫ్లాపీ సామర్థ్యం 1.44 మెగాబైట్లు. వరుసలో ఒక్క ఫ్లాపీ చెడిపోయినా మొత్తం పని మధ్యలో ఆగిపోయేది. తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతాల్లో అయస్కాంత పొరపై బూజు పట్టడం సర్వసాధారణం. ఈ దశలో ఇన్‌స్టాలేషన్ తెరపై తెలుగు కనిపించే ఆస్కారమే లేదు. తెలుగు అక్షరాలకు అవసరమైన ఫాంటుకు, దానిని ప్రదర్శించే సాఫ్ట్‌వేర్‌కు ఫ్లాపీలో చోటు చాలదు. అంటే మాధ్యమం పరిమాణమే భాషను నిర్ణయించింది.

3. సీడీ, తపాలా, పత్రిక:
సీడీ సామర్థ్యం 650 మెగాబైట్లు. దాదాపు 450 ఫ్లాపీల సమాచారం ఒక్క సీడీలో ఇమిడింది. అయితే సీడీ నుంచి నేరుగా కంప్యూటర్‌ను ప్రారంభించే పద్ధతి మొదట్లో లేదు. 1995లో ఫీనిక్స్, ఐబీఎం సంస్థలు రూపొందించిన ‘ఎల్ టొరిటో’ ప్రమాణం ఆ లోటును తీర్చింది. సీడీలోని కొంత భాగాన్ని ఫ్లాపీగా భావించేలా యంత్రాన్ని నమ్మించడం ఈ ప్రమాణంలోని ఒక ఉపాయం. కొత్త మాధ్యమం పాత మాధ్యమం వేషం వేసుకుని ప్రవేశించడం ఈ చరిత్రలో పదేపదే కనిపించే లక్షణం.

భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవలు 1995 ఆగస్టు 15న ప్రారంభమయ్యాయి. తరువాతి కాలంలో సామాన్య వినియోగదారులకు లభించిన డయలప్ గరిష్ఠ వేగం సెకనుకు 56 కిలోబిట్లు. ఆ వేగం పూర్తిగా అందినా 700 మెగాబైట్ల సీడీ చిత్రాన్ని దించుకోవడానికి సుమారు 28 గంటలు పడుతుంది. మధ్యలో ఫోన్ లైను తెగకూడదు. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైన తరువాత సెకనుకు 256 కిలోబిట్ల వేగంతో ఇదే పనికి సుమారు 6 గంటలు పట్టేది. జిల్లా కేంద్రాలకు దూరంగా ఉన్న ఊళ్ళకు ఆ సౌకర్యం కూడా ఆలస్యంగానే అందింది.

ఈ పరిస్థితిలో లినక్స్ ప్రధానంగా రెండు మార్గాల్లో ప్రయాణించింది. మొదటిది పత్రిక. 1990వ దశకం రెండవ భాగం నుంచి ‘పీసీ క్వెస్ట్’ తన సంచికలతో లినక్స్ సీడీలను అందించింది. 2003లో ప్రారంభమైన ‘లినక్స్ ఫర్ యూ’ మాసపత్రిక కూడా ఇదే మార్గాన్ని అనుసరించింది. రెండవది తపాలా. 2004 అక్టోబరులో తొలి విడుదల చేసిన ఉబుంటు, ‘షిప్ ఇట్’ పథకం ద్వారా కోరినవారి చిరునామాకు ఉచితంగా సీడీలు పంపింది. ఈ పథకం 2011 వరకు కొనసాగింది. అంతర్జాలం సరిగా చేరని చోటుకు తపాలా చేరేది. ఆ విధంగా ఒక ఆధునిక సాంకేతికత గ్రామాలకు చేరడానికి పాత ప్రజాసేవా వ్యవస్థ వాహకమైంది.

ఇదే కాలంలో ఉత్తరాంధ్రలో సాంకేతిక విద్యాసంస్థలు విస్తరించాయి. రాజాంలో జీఎంఆర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, విజయనగరంలో ఎంవీజీఆర్ ఇంజనీరింగ్ కళాశాల 1997లోనూ, టెక్కలిలో ఆదిత్య ఇన్‌స్టిట్యూట్ 2001లోనూ ప్రారంభమయ్యాయి. 2007లో విజయనగరంలో జేఎన్‌టీయూ కళాశాల, 2008లో ఎచ్చెర్లలో డా. బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. జేఎన్‌టీయూ పాఠ్యప్రణాళికలలో యునిక్స్, లినక్స్ ప్రోగ్రామింగ్ చేరడంతో ఈ వ్యవస్థలను స్వయంగా ఎక్కించుకోవలసిన అవసరం విద్యార్థులకు కలిగింది.

4. 2005: తెలుగు ప్రయత్నాల సంవత్సరం:
తెలుగుకు సంబంధించి 2005వ సంవత్సరం మూడు కారణాల వల్ల గమనించదగినది. మొదటిది, తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందించాలన్న లక్ష్యంతో ‘స్వేచ్ఛ’ ఆవిర్భవించడం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో భాగమైన ఈ సంస్థ, ఇంజనీరింగ్ కళాశాలల్లో జీఎన్‌యూ/లినక్స్ వినియోగదారుల బృందాలను ఏర్పాటుచేస్తూ విద్యార్థులను అనువాద, ప్రచార కార్యక్రమాల్లో భాగస్వాములను చేసింది. రెండవది, భారత ప్రభుత్వ సమాచార సాంకేతిక శాఖ తెలుగు ఫాంట్లు, కార్యాలయ ఉపకరణాలు, బ్రౌజర్‌లతో కూడిన ఉచిత సీడీని విడుదల చేయడం. మూడవది, డెబియన్ 3.1 విడుదలలో సరికొత్తగా రాసిన ఇన్‌స్టాలర్ అందుబాటులోకి రావడం.

వీటి మధ్య భేదాన్ని గుర్తించాలి. ప్రభుత్వ సీడీ అప్పటికే పనిచేస్తున్న కంప్యూటర్‌కు తెలుగును జోడించింది. స్వేచ్ఛ కంప్యూటర్‌నే తెలుగులో నడపాలని సంకల్పించింది. డెబియన్ ఇన్‌స్టాలర్ ఆ సమయానికి తెలుగులో లేకపోయినా, ఏ భాషనైనా స్వచ్ఛంద అనువాదకులు చేర్చగలిగే నిర్మాణాన్ని సిద్ధం చేసింది. 2007లో సీ-డాక్ వెలువరించిన ‘బాస్’ లినక్స్ డెబియన్ పునాదిపైనే నిర్మితమై తెలుగుతో సహా పలు భారతీయ భాషలకు తోడ్పాటునిచ్చింది.

5. ‘శ్రీ’ అనే అక్షరం ఎదురైన చోటు:
యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించింది. అయినా డెబియన్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు కనిపించడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఈ జాప్యానికి అనువాదకుల కొరత ఒక్కటే కారణం కాదు. లిపి స్వభావానికీ తెర స్వభావానికీ మధ్య ఉన్న వైరుధ్యం ఇందులో కీలకం.

పాత ఇన్‌స్టాలర్లు అక్షరాల తెరపై నడిచేవి. ఆ తెర సమాన వెడల్పు గల గడులుగా విభజితమై ఉంటుంది. ఒక గడిలో ఒక అక్షరరూపం మాత్రమే పడుతుంది. మొత్తం మీద 256 లేదా 512 రూపాలకు మించి ఒకేసారి ఉంచడానికి వీలులేదు. రోమన్ లిపికి ఇది చాలు. తెలుగుకు చాలదు. ‘శ్రీకాకుళం’ అన్న పేరునే తీసుకుంటే, అందులోని మొదటి అక్షరం ‘శ్రీ’ యూనికోడ్‌లో నాలుగు సంకేతాల కూర్పు: శకారం, పొల్లు, రకారం, ఈకార గుణింతపు గుర్తు. ఈ నాలుగూ కలిసి ఒకే రూపంగా మారాలి. వత్తు తన స్థానంలో ఒదగాలి, గుడిదీర్ఘం తలపైకి చేరాలి. గడుల తెర ఈ పని చేయలేదు. నాలుగు గుర్తులనూ విడివిడిగా పక్కపక్కన పేర్చడమే దానికి తెలుసు. అంటే జిల్లా పేరులోని తొలి అక్షరమే ఆ తెరపై విరిగిపోతుంది.

2007 ఏప్రిల్‌లో విడుదలైన డెబియన్ 4.0, చిత్రరూప ఇన్‌స్టాలర్‌ను ప్రవేశపెట్టింది. అందులో అక్షరాలు గడుల్లో కాక బొమ్మలుగా గీయబడతాయి కనుక సంయుక్తాక్షరాలకు అవరోధం తొలగింది. 2011 ఫిబ్రవరి 6న వెలువడిన డెబియన్ 6.0లో కన్నడం, లావో, సింహళం భాషలతో పాటు తెలుగు కూడా చేరింది. ఈ నాలుగు భాషలూ చిత్రరూప ఇన్‌స్టాలర్‌లో మాత్రమే చేరడం గమనార్హం. అక్షరాల తెరపై అవి అప్పటికీ సాధ్యం కాలేదు. కన్నడ, తెలుగు, సింహళ లిపులు బ్రాహ్మీ సంతతికి చెందినవి. లావో లిపి కూడా ఖ్మేరు లిపి ద్వారా ఆ కుటుంబానికే చెందుతుంది. లిపి నిర్మాణానికీ మాధ్యమ నిర్మాణానికీ గల సంబంధాన్ని ఈ జాబితా స్పష్టం చేస్తుంది.

ఈ విజయానికీ ఒక పరిమితి ఉంది. ఇన్‌స్టాలర్ తెలుగులో ప్రశ్నలు అడిగినా, వినియోగదారు ఖాతా పేరు మాత్రం రోమన్ చిన్న అక్షరంతోనే మొదలుకావాలి. తెలుగులో ఇల్లు కట్టుకున్నా గడప మీద పేరు వేరే లిపిలో రాసుకోవలసిన స్థితి ఇది.

6. సీడీ లేని యంత్రం:
డెబియన్ ఇన్‌స్టాలేషన్ మార్గదర్శిని సీడీతో పాటు పలు ప్రత్యామ్నాయాలను వివరిస్తుంది. వాటిని నాలుగు రకాలుగా వర్గీకరించవచ్చు.

అ) పెన్‌డ్రైవ్: సీడీ డ్రైవు లేని చిన్న ల్యాప్‌టాప్‌లు వ్యాప్తి చెందడంతో దీని ప్రాధాన్యం పెరిగింది. డెబియన్ 6.0 నుంచి ఇంటెల్ తరహా యంత్రాలకు ఉద్దేశించిన సీడీ చిత్రాలు సంకర పద్ధతిలో తయారయ్యాయి. ఒకే ఫైలును సీడీపై రాసినా, పెన్‌డ్రైవ్‌పై నేరుగా నకలు చేసినా పనిచేస్తుంది. తెలుగు ఇన్‌స్టాలర్, సంకర చిత్రం ఒకే విడుదలలో రావడం కాకతాళీయమే అయినా, రెండూ కలిసి తెలుగు వినియోగదారుకు ఒకేసారి రెండు తలుపులు తెరిచాయి.

ఆ) నెట్‌వర్క్: 1990వ దశకం చివర ఇంటెల్ రూపొందించిన పీఎక్స్ఈ ప్రమాణం ద్వారా కంప్యూటర్ తన నెట్‌వర్క్ కార్డు సాయంతో మరొక కంప్యూటర్ నుంచి ప్రారంభం కాగలదు. బయటి అంతర్జాలం లేకపోయినా ప్రయోగశాలలో ఒక సర్వర్ ఉంటే చాలు. ప్యాకేజీల నకలును ఆ సర్వర్‌లో ముందే నిలువ చేసుకుంటే యంత్రాలన్నింటికీ ఒకే మూలం సరిపోతుంది.

ఇ) హార్డ్‌డిస్క్: పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కులోనే కెర్నెల్‌ను, ప్రారంభ ర్యామ్‌డిస్క్‌ను, సీడీ చిత్రాన్ని నకలు చేసి, బూట్‌లోడర్ ద్వారా వాటిని నడపడం ఈ పద్ధతి. దీనికి సీడీ అక్కరలేదు, పెన్‌డ్రైవ్ అక్కరలేదు. అయితే సీడీ చిత్రం ఉన్న భాగాన్ని పొరపాటున చెరిపితే దారి మూసుకుపోతుంది.

ఈ) మరొక యునిక్స్ తరహా వ్యవస్థ: ఇప్పటికే నడుస్తున్న లినక్స్ నుంచి ‘డీబూట్‌స్ట్రాప్’ అనే ఉపకరణంతో కొత్త వ్యవస్థను పక్క విభాగంలో నిర్మించవచ్చు. పాత దీపంతో కొత్త దీపం వెలిగించడం వంటిది ఈ పద్ధతి. ఇక్కడ ఇన్‌స్టాలర్ తెర ఉండదు. పని అంతా ఆదేశాల ద్వారా సాగుతుంది కనుక తెలుగు ఇన్‌స్టాలర్ ప్రయోజనం దీనికి వర్తించదు.

ఈ నాలుగింటిలో మాధ్యమం ఏదైనా చేయవలసిన ముందు పని ఒకటే. దించుకున్న చిత్రం యథాతథంగా ఉందో లేదో సరిచూసే సంఖ్యను పోల్చుకోవాలి. తెగిపోయే లైన్లపై దించుకునే ప్రాంతాల్లో ఈ తనిఖీని వదిలేయడం అనేక విఫల ప్రయత్నాలకు మూలం.

నెట్‌వర్క్‌పై మాత్రమే ఆధారపడటంలోని ప్రమాదాన్ని ఉత్తరాంధ్ర రెండుసార్లు ప్రత్యక్షంగా చూసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. రెండు సందర్భాల్లోనూ విద్యుత్తు, సమాచార వ్యవస్థలు స్తంభించాయి. విద్యుత్తు ముందుగా తిరిగివచ్చిన చోట కూడా, అంతర్జాలం వచ్చేదాకా నెట్‌వర్క్ ఇన్‌స్టాలర్ నిరుపయోగమే. పూర్తి ప్యాకేజీలున్న డిస్కు లేదా పెన్‌డ్రైవ్ మాత్రమే అటువంటి వేళ యంత్రాన్ని తిరిగి నిలబెట్టగలదు.

7. గిడుగు, గురజాడ, సవర:
ఇన్‌స్టాలేషన్ మాధ్యమం మోసుకువచ్చే వస్తువుల్లో ఫాంటు ముఖ్యమైనది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ ఫాంట్లు, రెడ్‌హ్యాట్ వెలువరించిన ‘లోహిత్’ తెలుగు తొలితరం స్వేచ్ఛా ఫాంట్లు. ఆ తరువాత సిలికానాంధ్ర చొరవతో వెలువడిన ఫాంట్లలో ‘గిడుగు’, ‘గురజాడ’ కూడా ఉన్నాయి. ఇవి స్వేచ్ఛా లైసెన్సుతో విడుదలై, డెబియన్‌లో ‘తెలుగువిజయం’ పేరుగల ఫాంట్ల ప్యాకేజీలో చేరాయి.

శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి, విజయనగరం కేంద్రంగా రచనలు చేసిన గురజాడ అప్పారావు వ్యావహారిక భాషోద్యమ సారథులు. పండితులకే పరిమితమైన రాతను ప్రజల నోటి భాషకు దగ్గర చేయాలన్నది వారి వాదం. ప్రపంచంలో ఏ మూలనున్నవారైనా డెబియన్ భాండాగారం నుంచి ఈ ప్యాకేజీని ఎక్కించుకుంటే ఆ ఇద్దరి పేర్లు వారి ఫాంట్ల జాబితాలో చేరతాయి. ఇది కేవలం నామకరణ గౌరవం. వారి ఆశయం నెరవేరడమంటే ఇన్‌స్టాలర్ అనువాదంలోని పదాలు కూడా సామాన్య పాఠకునికి అర్థం కావాలి. డిస్కు చెరపాలా అని అడిగే చోట సంస్కృత సమాసాలు పేర్చితే, ఆంగ్ల వాక్యం సృష్టించిన దూరాన్నే తెలుగు వాక్యమూ సృష్టిస్తుంది.

గిడుగు కృషిలో రెండవ పార్శ్వం సవర భాష. ఆయన ఆ భాషను నేర్చి, నిఘంటువు, వ్యాకరణం రచించారు. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు ‘సొరాంగ్ సంపెంగ్’ లిపిని రూపొందించాడు. 2012లో యూనికోడ్ 6.1లో ఆ లిపికి స్థానం లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్యా కార్యక్రమం కింద సవర వాచకాలు తెలుగు లిపిలో వెలువడ్డాయి. లిపి యూనికోడ్‌లో ఉన్నా డెబియన్ ఇన్‌స్టాలర్ భాషల జాబితాలో సవర లేదు. తెలుగు 1991 నుంచి 2011 వరకు నడిచిన దారిలో సవర ఇంకా మొదటి మజిలీ వద్దే ఉంది.

8. కొత్త అడ్డంకులు:
మాధ్యమాలు పెరిగినకొద్దీ అడ్డంకులు తొలగిపోలేదు, రూపం మార్చుకున్నాయి. కొత్త యంత్రాల్లోని ‘సెక్యూర్ బూట్’ ఆమోదముద్ర లేని వ్యవస్థలను ఆపుతుంది. డెబియన్ 2019లో విడుదల చేసిన 10వ సంచికతో దీనికి అనుకూలమైంది. వైఫై కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా లైసెన్సులో లేకపోవడంతో అధికారిక చిత్రాల్లో ఉండేది కాదు. నెట్‌వర్క్ ద్వారా తెచ్చుకోవలసిన ఫర్మ్‌వేర్ లేకుండా నెట్‌వర్కే పనిచేయని విచిత్ర స్థితి అది. 2022లో జరిగిన సభ్యుల ఓటు అనంతరం, 2023లో వెలువడిన 12వ సంచిక నుంచి ఆ ఫర్మ్‌వేర్ అధికారిక చిత్రాల్లో చేరింది.

2025 ఆగస్టులో వెలువడిన 13వ సంచికతో 32 బిట్ల ఇంటెల్ యంత్రాలకు ఇన్‌స్టాలేషన్ మాధ్యమం ఆగిపోయింది. పాత యంత్రాలకు కొత్త ఊపిరి పోసే వ్యవస్థగా లినక్స్‌కు ఉన్న పేరుకు ఇది ఒక హద్దు గీసింది. దానంగా వచ్చిన పాత కంప్యూటర్లతో నడిచే పాఠశాలలకు ఈ మార్పు నేరుగా తగులుతుంది.

9. ముగింపు:
ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:
* ఇన్‌స్టాలేషన్ మాధ్యమపు పరిమాణం, తెర స్వభావం కలిసి ఏ భాషకు చోటు ఉంటుందో నిర్ణయించాయి. ఫ్లాపీ కాలంలో తెలుగుకు చోటు లేకపోవడం, చిత్రరూప ఇన్‌స్టాలర్‌తో చోటు దొరకడం ఇందుకు నిదర్శనాలు.
* అంతర్జాలం బలహీనంగా ఉన్న కాలంలో పత్రికలు, తపాలా లినక్స్ వ్యాప్తికి వాహకాలయ్యాయి.
* తుపానుల ప్రాంతంలో నెట్‌వర్క్‌తో పనిలేని పూర్తి మాధ్యమం అవసరం నేటికీ తీరలేదు.
* గిడుగు, గురజాడల పేర్లు ఫాంట్లుగా వ్యవస్థలోకి ప్రవేశించాయి. వారి భాషాదృష్టి ఇన్‌స్టాలర్ అనువాదంలోకీ ప్రవేశించవలసి ఉంది.
* సవర వంటి భాషలకు లిపి సంకేతాలు లభించినంత మాత్రాన ఇన్‌స్టాలేషన్ దశలో స్థానం లభించదు.

ఎచ్చెర్ల, విజయనగరం, టెక్కలి, రాజాం విద్యాసంస్థల ప్రయోగశాలల్లో తెలుగు ఇన్‌స్టాలర్‌ను పరీక్షించి, అర్థం కాని వాక్యాలను సవరించి డెబియన్ అనువాద బృందాలకు పంపడం సాధ్యమైన పని. పూర్తి ప్యాకేజీల ప్రతిని ఒక సర్వర్‌లో నిలువ ఉంచి చుట్టుపక్కల పాఠశాలలకు పెన్‌డ్రైవ్‌లపై అందించడం కూడా భారీ వ్యయం కోరని పని. వ్యావహారిక భాషోద్యమం పుట్టిన నేల నుంచి ఈ రెండు పనులూ మొదలైతే, ఆ ఉద్యమ వారసత్వం ఫాంటు పేరుకే పరిమితం కాకుండా నిలుస్తుంది.